ఎచూకా స్టీమరు కోసం అంత దూరం వెళ్లడం దండగా?

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ నుంచి 220 కిలోమీటర్లు కారులో ఎచూకా ఊరికి వెళ్లి, మన ఊరి నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని మర్రే నది మీద స్టీమరులో గంటసేపు తిప్పడం దండగా అని మీలో ఒకరు అడిగారు. దండగేం కాదు, ఎక్కేది నిజంగా ఆవిరితో నడిచేదైతే.

పడవ పేరుకు ముందు పీఎస్ (ప్యాడిల్ స్టీమర్) అని ఉంటే ఆవిరితో నడిచేది. పీవీ (ప్యాడిల్ వెసెల్) అని ఉంటే నీళ్లను తోసే చక్రం తిరుగుతుంది గానీ తిప్పేది డీజిల్ కావచ్చు. కొన్ని చోట్ల టూరిస్టు పడవలకైతే చక్రం ఉత్త షోకు, అడుగున ప్రొపెల్లర్ పని చేస్తుంటుంది. ఎచూకా స్టీమర్లలో పెవెన్సీ 1911 నాటిది, అలెగ్జాండర్ ఆర్బత్‌నాట్ 1923 నాటిది. ఎమ్మీలూను 1980ల్లో కట్టారు గానీ ఇంజన్ 1906 నాటి మార్షల్ కంపెనీది. ఆ రోజు ఏది నడుస్తుందో టికెట్ కొనేముందే అడగండి.

ఎక్కగానే అందరూ ముందు డెక్కు మీద ఫోటోలకు ఎగబడతారు. మీరు ఇంజన్ దగ్గర నిలబడండి. అది డెక్కు మీదే, కంటికెదురుగా ఉంటుంది. ఫైర్‌మన్ రెడ్ గమ్ (అక్కడి ఒక రకం యూకలిప్టస్ చెట్టు) దుంగలు బాయిలర్‌లోకి తోస్తాడు. ఇంజన్ వాడేసిన ఆవిరి పొగగొట్టంలోంచి పైకి తన్నుకుపోతుంది, దాంతో మంటకు గాలి లాగుతుంది. ఆ ఛుక్ ఛుక్ చప్పుడు దానిదే. అసలు తమాషా పడవ వెనక్కి మళ్లేటప్పుడు. ఈ పడవల్లో సాధారణంగా రెండు పక్కల చక్రాలూ ఒకే ఇరుసుకు బిగించి ఉంటాయి, ఒకటి ముందుకీ ఒకటి వెనక్కీ తిప్పడం కుదరదు. చక్రాలాగి నీళ్లు కదలకపోతే చుక్కానికి పట్టు ఉండదు. అందుకే కెప్టెన్ ముక్కును ఒడ్డువైపు పెట్టి, తోకను ప్రవాహానికి వదిలి, ముందుకీ వెనక్కీ అడుగుతూ ఉంటాడు. ప్రతిసారీ లివర్ తిప్పాల్సింది కింద ఇంజనీరే. ఆ కాసేపు కింద చూడకుండా పైన రీల్స్ తీసుకునేవాళ్లే ఇంటికెళ్లి "బోటు మరీ స్లో" అని రివ్యూ రాస్తారు.

ప్రొపెల్లర్ ఎందుకు పెట్టలేదంటారా? నదిలో మునిగిన రెడ్ గమ్ మానులు ఎక్కువ, ఎండాకాలం నీళ్లు తక్కువ. మాను తగిలితే ప్రొపెల్లర్ షాఫ్టు వంగుతుంది. చక్రానికైతే ఒక చెక్క విరుగుతుంది, బోల్టులు విప్పి ఇంకోటి బిగిస్తే సరి. మన గోదావరి ఎగువనా పడవలకు ఇదే తంటా: ఎండాకాలం లోతు లేదు, దారిలో బండలు. దుమ్ముగూడెం ఆనకట్టా లాకులూ పడవల రాకపోకల కోసం పుట్టినవే. మీ నాన్నగారికి ఆ సంగతి చెప్పండి, మాట కలుస్తుంది.

తెల్ల పంచె, పట్టుచీర వద్దు. కట్టెల పొయ్యి కదా, నిప్పురవ్వలూ మసీ వెనక డెక్కు మీద పడతాయి. చక్రాల పెట్టెల పక్కన కూర్చుంటే మాట వినపడదు. చలికాలం బాయిలర్ పక్కన, ఎండాకాలం ముందు భాగాన కూర్చోబెట్టండి. లంచ్ ప్యాకేజీ కొనకండి, చూడాల్సిన సమయం తిండికే పోతుంది. పడవ ఎక్కే ఎచూకా చెక్క రేవు 1865లో మొదలుపెట్టింది, అది అంతస్తులుగా ఉంటుంది, మెట్లు నిటారు. మోకాళ్ల నొప్పులుంటే మెట్లు లేని దారి ఉందేమో ముందే ఫోన్ చేసి కనుక్కోండి.