ముందు ఆ వైరు పీకేయండి

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే మాటతో ముగిశాయి: "అన్నీ ప్రయత్నించి చూశాను, ఇక మీరే చెప్పాలి." డిస్కు చెడిపోయిందంటే నాకు పెద్దగా భయం వేయదు. ఆ "అన్నీ" చూస్తేనే గుండె జారుతుంది. ఇరవై ఏళ్లుగా చెడిపోయిన డిస్కులు చూడటమే నా పని. నా బల్ల మీదికి వచ్చిన డిస్కుల్లో వాటంతటవి పోయినవాటికన్నా, చిన్న జబ్బుతో మొదలై ఇంటి వైద్యంతో పోయినవే ఎక్కువ. గోటితో పోయేదాన్ని గొడ్డలి దాకా తెచ్చుకోవడమంటే ఇదే. పేర్లూ ఊర్లూ తీసేసి, ఉత్తరాలు కాస్త కుదించాను.

ప్ర: మా చిన్న ఎక్స్‌టర్నల్ హార్డ్ డిస్క్, ఫొటోలు కాపీ అవుతుండగా బల్ల మీంచి కింద పడింది. అప్పటినుంచి టక్... టక్... అని శబ్దం. ఒక్కోసారి కంప్యూటర్‌లో కనిపిస్తుంది, అంతలోనే మాయమవుతుంది. మూడు కంప్యూటర్లకు పెట్టి చూశాం. పిల్లలు పుట్టినప్పటి నుంచి తీసిన ఫొటోలన్నీ అందులోనే. ఫ్రీజర్‌లో ఒక రాత్రి పెడితే పనిచేస్తుందని మా మరిది అంటున్నాడు. పెట్టమంటారా? (ఒక గృహిణి)

జ: వద్దమ్మా. ముందు ఆ వైరు పీకేయండి. నాలుగో కంప్యూటర్‌కు పెట్టకండి. ఆ పని చేసి వచ్చి మిగతాది చదవండి.

ఆ డబ్బాలో అద్దంలా మెరిసే పళ్లేలు ఉంటాయి. మీలాంటి చిన్న డిస్కుల్లో అవి సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతాయి. డేటా చదివే హెడ్ ఆ పళ్లేన్ని తాకదు. కొద్ది నానోమీటర్ల ఎత్తులో గాలి మీద తేలుతుంది. మన తల వెంట్రుక మందం సుమారు 50 వేల నుంచి లక్ష నానోమీటర్లు. ఇక ఆ సందు ఎంతో ఊహించుకోండి. అలా తిరుగుతుండగా కింద పడిందంటే హెడ్ పళ్లేన్ని కొట్టుకునే ఉంటుంది.

టక్కుమనే శబ్దం ఎందుకంటే, హెడ్ తానెక్కడుందో తెలుసుకోవడానికి పళ్లెం మీద ఫ్యాక్టరీలోనే గుర్తులు రాసిపెడతారు. దెబ్బతిన్న హెడ్ ఆ గుర్తుల్ని చదవలేదు. వెతుక్కుంటూ వెళ్తుంది, దొరకక వెనక్కి వస్తుంది, మళ్లీ వెళ్తుంది. ఆ రాకపోకల చప్పుడే మీకు వినబడేది. ఈ తిరుగుడులో వంగిన హెడ్ పళ్లేన్ని గీకితే పైనున్న అయస్కాంతపు పూత లేచిపోతుంది. మీ పిల్లల ఫొటోలు ఉన్నది ఆ పూతలోనే. అది పొడైపోయాక ఎంత పెద్ద ల్యాబ్‌కు తీసుకెళ్లినా చేసేదేం లేదు. మూడు కంప్యూటర్లకు పెట్టారంటే మూడుసార్లు ఆ గీకుడికి అవకాశం ఇచ్చారన్నమాట. తిట్టడం లేదు, లెక్క చెబుతున్నాను.

ఫ్రీజర్ సంగతి. ఇది చాలా పాత చిట్కా. చల్లటి డిస్కును బయటికి తీస్తే గాలిలోని తేమ దాని మీద చెమటలా పడుతుంది. ఆ తేమ లోపలికి చేరితే, పళ్లెం మీద నీటిచుక్క ఆ హెడ్‌కు కొండతో సమానం. మీ మరిదిగారి మనసు మంచిదే, చిట్కా మాత్రం మంచిది కాదు. మూత విప్పి చూద్దామని కూడా అనుకోకండి. మామూలు గదిలో ఎగిరే దుమ్ము రేణువు ఆ సందు కన్నా ఎన్నో రెట్లు పెద్దది. "అదే మోడల్ డిస్కు కొని దాని సర్క్యూట్ బోర్డు తీసి దీనికి బిగిస్తే చాలు" అని ఎవరైనా అంటే నవ్వి ఊరుకోండి. ఇప్పటి డిస్కుల్లో ఒక్కోదానికీ ప్రత్యేకమైన సర్దుబాటు వివరాలు ఆ బోర్డు మీది చిప్‌లోనే ఉంటాయి. పైగా మీది పోయింది బోర్డు కాదు.

మీకు మిగిలిన దారి క్లీన్ రూమ్ (దుమ్ము చొరబడని గది) ఉన్న డేటా రికవరీ ల్యాబ్ ఒక్కటే. డిస్కు ఇచ్చే ముందు మూడు సంగతులు అడగండి. మూత విప్పేది క్లీన్ రూమ్‌లోనేనా? డేటా రాకపోతే ఎంత తీసుకుంటారు? వచ్చినా రాకపోయినా డిస్కు తిరిగి ఇస్తారా? పడిందని దాచకుండా చెప్పండి. అది తెలిస్తే వాళ్లు ఊరికే ఆన్ చేసి చూడరు.

ఇది చదువుతున్న మిగతావాళ్లకో మాట. డిస్కు కింద పడకపోయినా కనిపించి మాయమవుతోందంటే, చాలాసార్లు దానికి కరెంటు చాలకపోవడమే కారణం. పాత యూఎస్‌బీ 2.0 పోర్టు 500 మిల్లీయాంపులే ఇస్తుంది, 3.0 అయితే 900. క్యాబినెట్ ముందున్న పోర్టు, హబ్, పొడుగాటి కేబుల్ వదిలేసి, పొట్టి కేబుల్‌తో వెనక పోర్టుకు ఒక్కసారి పెట్టి చూడండి. ఒక్కసారే.

ప్ర: పెన్‌డ్రైవ్ పెట్టగానే "వాడే ముందు ఫార్మాట్ చేయాలి" అంటోంది. లోపల ఆఫీసు ఫైళ్లున్నాయి. ఓకే నొక్కితే బాగవుతుందా? (చిరుద్యోగి)

జ: పెన్‌డ్రైవ్ బాగవుతుంది, ఫైళ్లు పోతాయి. క్యాన్సిల్ నొక్కండి.

విండోస్‌కు ఆ డ్రైవ్‌లో ఏ ఫైలు ఎక్కడుందో అర్థం కావడం లేదు, అందుకే అలా అడుగుతోంది. ఫైళ్లు లోపలే ఉండి ఉండొచ్చు. వేరే పోర్టులో, వేరే కంప్యూటర్‌లో ఒకసారి చూసి, అక్కడా అంతే అయితే విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. కెపాసిటీ సరిగ్గా కనబడుతూ పక్కన "రా" (RAW) అని ఉంటే ఆశ ఉంది. "నో మీడియా" అని ఉంటే లోపల డ్రైవ్‌ను నడిపే కంట్రోలర్ చిప్పో, మెమరీ చిప్పో పోయి ఉంటుంది. అప్పుడు ఏ సాఫ్ట్‌వేర్ వేసినా కాలక్షేపమే.

ఆశ ఉంటే మొదట చేయాల్సింది రికవరీ కాదు, నకలు. డ్రైవ్ మొత్తాన్నీ ఉన్నదున్నట్టు ఒకే ఇమేజ్ ఫైలుగా వేరే డిస్కులోకి తీసుకోండి. తర్వాత చేసే ప్రయోగాలన్నీ ఆ ఇమేజ్ మీదే. రికవరీ సాఫ్ట్‌వేర్‌లలో టెస్ట్‌డిస్క్, దానితోపాటే వచ్చే ఫొటోరెక్ రెండూ ఉచితం. మొదటిది పోయిన పార్టిషన్ (డ్రైవ్‌లోని భాగాల) వివరాలను సరిచేయగలదు, అంటే డ్రైవ్ మీదే రాస్తుంది. అందుకే అసలు డ్రైవ్ మీద వాడొద్దంటున్నాను. రెండోది ఆ వివరాలను పట్టించుకోకుండా ఫైలు మొదట్లో ఉండే గుర్తును బట్టి ఒక్కో ఫైలునూ ఏరుతుంది. ఫైళ్లు వస్తాయి, పేర్లు రావు. వందల ఫైళ్లను తెరిచి చూసి పేర్లు పెట్టుకునే ఓపిక ఉండాలి. ఏరినవాటిని మళ్లీ అదే పెన్‌డ్రైవ్‌లో సేవ్ చేస్తే మిగిలినవాటి మీద మీరే రాసేసినట్టు.

తొందరపడి ఓకే నొక్కేసినవాళ్లకు: అది క్విక్ ఫార్మాట్ అయి, తర్వాత ఏమీ కాపీ చేయకపోతే ఇదే పద్ధతి పనికొస్తుంది. క్విక్ టిక్కు తీసేసి పూర్తి ఫార్మాట్ చేసుంటే, విస్టా నుంచి విండోస్ డ్రైవ్ అంతటా సున్నాలు రాస్తుంది. అక్కడితో ఆ కథ కంచికి.

ప్ర: లాప్‌టాప్‌లో ప్రాజెక్ట్ రిపోర్ట్‌ను పొరపాటున షిఫ్ట్ పట్టుకుని డిలీట్ చేశాను. రికవరీ సాఫ్ట్‌వేర్‌లో ఫైలు పేరు, సైజు వస్తున్నాయి. తెరిస్తే ఖాళీ. వారంలో సబ్మిట్ చేయాలి, టెన్షన్‌తో నిద్ర లేదు. (డిగ్రీ విద్యార్థి)

జ: మీ లాప్‌టాప్‌లో ఉన్నది ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లేలు లేని, చిప్‌లతో చేసిన డ్రైవ్) అయి ఉంటుంది. పాత హార్డ్ డిస్కులో డిలీట్ చేస్తే చిరునామా మాత్రమే పోతుంది, సరుకు అక్కడే ఉంటుంది. ఎస్ఎస్‌డీలో అలా కాదు. ఈ చోటు ఇక అక్కర్లేదని విండోస్ వెంటనే డ్రైవ్‌కు చెప్పేస్తుంది. దీన్ని ట్రిమ్ అంటారు. డ్రైవ్ తన తీరికను బట్టి ఆ చోటు చెరిపేసుకుంటుంది. ఆలోపు అడిగినా ఎక్కువ డ్రైవ్‌లు సున్నాలే చూపిస్తాయి. మీరు చూస్తున్న ఖాళీ అదే. ఇంకో పది సాఫ్ట్‌వేర్‌లు వేసినా ఆ ఖాళీయే వస్తుంది.

కాబట్టి డ్రైవ్‌ను వదిలేసి ఆ ఫైలు ఇంకెక్కడెక్కడ తిరిగిందో గుర్తు చేసుకోండి. గైడ్‌కు మెయిల్ చేశారా? సెంట్ మెయిల్‌లో ఉంటుంది. స్నేహితుడికి వాట్సాప్‌లో పంపారా? ప్రింట్ కోసం పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లారా? ఆ ఫోల్డర్ వన్‌డ్రైవ్‌తో సింక్ అవుతుంటే దాని వెబ్‌సైట్‌లో వేరే రీసైకిల్ బిన్ ఉంది. సొంత ఖాతా అయితే 30 రోజులు ఉంచుతుంది. వర్డ్ తెరిచి ఫైల్, ఇన్ఫో, మేనేజ్ డాక్యుమెంట్‌లో సేవ్ కాని ప్రతుల్ని కూడా చూడండి. నా దగ్గరికి ఏడుస్తూ వచ్చిన విద్యార్థుల్లో చాలామందికి రిపోర్ట్ దొరికింది మెయిల్‌లోనే, డ్రైవ్‌లో కాదు.

ప్ర: 1 టీబీ అని రాసిన డిస్కు 931 జీబీయే చూపిస్తోంది. మోసమా? 64 జీబీ పెన్‌డ్రైవ్ ఖాళీగా ఉన్నా 5 జీబీ సినిమా ఎక్కడం లేదు. ఇదీ మోసమేనా?

జ: రెండూ కాదు. తయారీదారు లక్ష కోట్ల బైట్లను 1 టీబీ అంటాడు. విండోస్ 1024ల లెక్కన భాగిస్తుంది కాబట్టి 931 వస్తుంది. ఇక పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉండుంటుంది. అందులో ఒక్క ఫైలు 4 జీబీకి మించకూడదు. లోపలున్నవి బయటికి తీసుకుని ఎక్స్‌ఫ్యాట్‌లో ఫార్మాట్ చేయండి. టీవీకి పెట్టేటట్టయితే మాత్రం, కొన్ని పాత టీవీలకు ఎక్స్‌ఫ్యాట్ తెలియదు.

ప్ర: డెస్క్‌టాప్ తెరుచుకోవడానికి పది నిమిషాలు. టాస్క్ మేనేజర్‌లో డిస్క్ ఎప్పుడూ 100 శాతం. ర్యామ్ పెంచమని ఒకరు, చెక్ డిస్క్ నడపమని ఇంకొకరు. డిస్కు ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్ఇన్ఫో వేస్తే పసుపు రంగులో "కాషన్" అంది. సీ5 ఎదురుగా 10, సీ7 ఎదురుగా డీ4 అని ఉంది. (విశ్రాంత ఉపాధ్యాయుడు)

జ: మాస్టారూ, ఇంత వివరంగా రాసినవాళ్లు ఈ నెలలో మీరొక్కరే. ర్యామ్ జోలికి వెళ్లకండి. చెక్ డిస్క్ జోలికి అసలే వెళ్లకండి.

ఆ సాఫ్ట్‌వేర్ అంకెల్ని మామూలుగా హెక్సాలో, అంటే పదహార్ల లెక్కలో చూపిస్తుంది. మీ 10 అంటే పదహారు, డీ4 అంటే 212. సీ7 చూసి కంగారు పడనక్కర్లేదు. అది డిస్కుకూ మదర్‌బోర్డుకూ మధ్య దారిలో చెడిపోయిన డేటా లెక్క. తప్పు సాధారణంగా ఆ రెంటినీ కలిపే సాటా కేబుల్‌ది. కేబుల్ మార్చినా ఆ అంకె తగ్గదు. కాగితం మీద రాసిపెట్టుకుని, ఇక పెరగకపోతే వదిలేయండి.

సీ5 వేరు. డిస్కు చదవలేకపోయి పక్కన పెట్టిన సెక్టార్లు (డేటా రాసే చిన్న గళ్లు) పదహారున్నాయని దానర్థం. అలాంటి చోటికి వచ్చినప్పుడల్లా డిస్కు మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంటుంది, కంప్యూటర్ దాని కోసం ఆగుతుంది. టాస్క్ మేనేజర్‌లోనే పెర్ఫార్మెన్స్‌కు వెళ్లి డిస్క్ రెస్పాన్స్ టైమ్ చూడండి. వేల మిల్లీసెకన్లు కనబడుతూ వేగం మాత్రం నామమాత్రంగా ఉంటే అనుమానం అక్కర్లేదు.

చెక్ డిస్క్ పని ఫైల్ సిస్టమ్‌ను సరిచేయడం, మీ ఫైళ్లను కాపాడటం కాదు. ఇది నేను నేర్చుకున్నది పుస్తకంలో కాదు. చాలా ఏళ్ల కిందట మా అక్క వాళ్ల డిస్కు ఇలాగే నెమ్మదించింది. రాత్రి రిపేర్ ఆప్షన్‌తో చెక్ డిస్క్ పెట్టి పడుకున్నాను. తెల్లారి చూస్తే వీడియోల ఫోల్డర్ లేదు. దాని బదులు ఫౌండ్.000 అని ఒకటి, అందులో తలాతోకా లేని ముక్కలు. సగం చదవగలిగిన డిస్కును రాత్రంతా నడిపించి, దానికి అర్థం కానిదల్లా తుంచేయమని నేనే చెప్పాను. మా అక్క ఆ మాట ఇప్పటికీ ఎత్తదు. ఎత్తి నాలుగు తిట్టినా బాగుండు.

మీరు చేయాల్సింది: ఈ రోజే, ముఖ్యమైనవి ముందు, పెద్దవి తర్వాత, వేరే డిస్కులోకి కాపీ చేయండి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ ఫైలు వదిలేసి ముందుకెళ్లండి. ఆ తర్వాత ఎస్ఎస్‌డీ వేయించుకుని విండోస్ కొత్తగా ఎక్కించుకోండి. ఆ పాత డిస్కును బ్యాకప్‌కు ఉంచుకుందామని మాత్రం అనుకోవద్దు.

ప్ర: కంప్యూటర్ ఆన్ చేసినప్పుడల్లా తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోతోంది. అదే రోజు ఏ వెబ్‌సైట్ తెరిచినా "ఈ కనెక్షన్ సురక్షితం కాదు" అంటోంది. వైరస్సా?

జ: కాదు, బిళ్ల సెల్ అయిపోయింది. మదర్‌బోర్డు మీద గుండ్రంగా ఉంటుంది, ఎక్కువగా సీఆర్2032, మూడు వోల్టులు. తేదీ తప్పయితే వెబ్‌సైట్ సర్టిఫికెట్‌కు ఇంకా కాలం రాలేదని బ్రౌజర్ అనుకుంటుంది. పవర్ కేబుల్ తీసి, సెల్ మార్చండి. ప్లస్ గుర్తు ఎటు ఉందో తీసే ముందే ఫొటో తీసుకోండి. ఆ తర్వాత విండోస్ బూట్ కాకపోతే కంగారొద్దు. సెట్టింగులు మొదటికొచ్చి బయోస్‌లో (విండోస్ కన్నా ముందు నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రాములో) సాటా మోడ్, అంటే డిస్కుతో మాట్లాడే పద్ధతి, మారి ఉంటుంది. ఏహెచ్‌సీఐ ఉంటే ఐడీఈగానో రెయిడ్‌గానో అయిపోతుంది. తిరిగి మార్చండి. దీనికి డిస్కు ఫార్మాట్ చేయించుకున్నవాళ్లను నేనెరుగుదును.

ప్ర: బయోస్ అప్‌డేట్ తర్వాత నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతోంది. నేనెప్పుడూ పెట్టుకోలేదు.

జ: మీరు పెట్టకపోయినా, మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినప్పుడు కొన్ని లాప్‌టాప్‌లలో డిస్కుకు వేసే ఈ తాళం దానంతటదే ఆన్ అవుతుంది, కీ ఆ ఖాతాలో చేరుతుంది. ఫోన్‌లో ఆ ఖాతా తెరిచి చూడండి. ఆఫీసు లాప్‌టాప్ అయితే ఐటీ వాళ్లనడగండి. కీ ఎక్కడా లేకపోతే డేటా తెరవడం నా వల్ల కాదు. తెరుస్తానని డబ్బు అడిగేవాళ్ల వల్లా కాదు.

ఈ పేజీ అచ్చుకు పంపబోతుండగా మొదటి ప్రశ్న అడిగినావిడ నుంచి రెండో ఉత్తరం వచ్చింది: "మీ జవాబు వచ్చేలోపే మా మరిది డిస్కును కవర్‌లో కట్టి ఫ్రీజర్‌లో పెట్టేశాడు. ఇంకా ఆన్ చేయలేదు. ఏం చేయాలి?"

జ: కవర్ విప్పకండి. కట్టింది కట్టినట్టే బయటికి తీసి, గదిలో ఒక రోజంతా వదిలేయండి. పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా విప్పకపోతే చెమట కవర్ పైనే పడుతుంది. తర్వాత ఆరిన గుడ్డతో తుడిచి, అలాగే ల్యాబ్‌కు తీసుకెళ్లండి. ఫ్రీజర్ సంగతి కూడా వాళ్లకు చెప్పండి. మొహమాటం వద్దు, వాళ్లు రోజూ వినేదే.