రెండో కాన్పుకి ముందే రక్తం పెంచుకోండి

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 27 ఏళ్లు, బాబుకి రెండేళ్లు. రెండో బిడ్డ కావాలనుకుంటున్నాం. హిమోగ్లోబిన్ నాకు 9.4, బాబుకి 9.1 ఉంది. ఐరన్ మాత్రలు వేసుకుంటే మలం నల్లగా వస్తోంది. వేడి చేస్తాయని అత్తగారు మాన్పించారు. దానిమ్మ, బీట్‌రూట్ తింటే చాలదా?

జవాబు: చాలదమ్మా. ఎర్రగా ఉన్నాయి కాబట్టి రక్తం పడుతుందనుకుంటాం గానీ, ఆ రెండింటిలో ఐరన్ తక్కువే. తోటకూర పప్పు, శనగలు, నువ్వులు తినండి. పప్పులో నిమ్మకాయ పిండుకుంటే ఐరన్ బాగా ఒంటికి పడుతుంది. అలవాటుంటే వేటమాంసం మంచిది. అయినా 9.4ని ఆడవాళ్లకి ఉండాల్సిన 12కి తేవడం తిండి ఒక్కదానివల్ల కాదు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టండి. మలం నల్లబడేది ఐరన్ వల్లే, భయం లేదని అత్తగారికి చెప్పండి. కడుపులో తిప్పుతుంటే రాత్రి భోంచేశాక వేసుకోండి. కాఫీ, టీలకు రెండు గంటల ఎడం ఇవ్వండి. కాల్షియం మాత్ర వేరే పూట వేసుకోండి.

ఇప్పుడే ఎందుకంటే, బిడ్డకు మెదడు, వెన్నుపాముగా ఎదిగే గొట్టం గర్భం మొదలైన 28 రోజుల్లోపే మూసుకుపోతుంది. నెల తప్పిందని తెలిసేసరికే ఆ పని దాదాపు అయిపోతుంది. అందుకే కనీసం నెల ముందు నుంచి, వీలైతే మూడు నెలల ముందు నుంచే రోజూ 400 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ అందాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్‌తో పాటు 500 మైక్రోగ్రాముల ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. మామూలుగా వారానికొకటి చాలు గానీ మీ 9.4కి రోజూ కావాలి. ఎన్ని వేసుకోవాలో డాక్టర్ చెబుతారు. మూర్ఛకి మందులు వాడుతున్నా, ఇదివరకు వెన్ను లోపంతో బిడ్డ పుట్టినా ఫోలిక్ యాసిడ్ డోసు వేరు.

నెల తర్వాత మళ్లీ రక్తపరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ ఒక గ్రాము కూడా పెరగకపోతే తలసీమియా (పుట్టుకతో వచ్చే రక్త లోపం) పరీక్ష అవసరం. 12 దాటగానే మాత్రలు ఆపేయకండి. ఒంట్లో ఐరన్ నిల్వ నిండడానికి మరో మూడు నెలలు పడుతుంది.

ఇక బాబు సంగతి. పాలు ఎంత తాగుతున్నాడు? నా దగ్గరికొచ్చే పాలిపోయిన పిల్లల్లో చాలామంది అన్నం ముద్ద ముట్టరు, రోజంతా పాలసీసా నోట్లోనే ఉంటుంది. అరలీటరు దాటనివ్వకండి. మట్టి, బలపాలు తింటుంటే కొట్టకండి, అది ఐరన్ లోపం లక్షణమే కావచ్చు. బరువును బట్టి సిరప్ డోసు పిల్లల డాక్టర్ రాస్తారు. నులిపురుగుల మందు కూడా అడగండి.

మీ మాత్రలు మాత్రం బీరువాలో, అందనంత ఎత్తులో పెట్టండి. చక్కెర పూత ఉన్న ఎర్ర బిళ్లలు వాడికి చాక్లెట్లలా కనిపిస్తాయి, గుప్పెడు మింగితే ప్రాణాపాయం.