పుణేలోని ఆగాఖాన్ ప్యాలెస్‌కు పెద్దవాళ్లను తీసుకువెళ్లవచ్చా?

భీమవరం నుంచి అమ్మానాన్నలతో పుణే వెళ్తున్నామని, ఆగాఖాన్ ప్యాలెస్‌కు ఒక పూట పెట్టడం దండగేమోనని అడిగారు. దండగ కాదు. కాకపోతే రాజభవనం అని ఊరించకండి. మా అమ్మ లోపల అడుగు పెట్టగానే సింహాసనం ఎక్కడుందని అడిగింది. అది గాంధీగారిని బంధించిన చోటు.

ఇస్మాయిలీ ముస్లింల మతగురువు మూడో ఆగాఖాన్ దీన్ని 1892లో కట్టించారు, కరువు రోజుల్లో చుట్టుపక్కల వాళ్లకు పని దొరకాలని. కమానులు, పొడవాటి వరండాలు ఫొటోలకు బాగుంటాయి. వాటికి అరగంట చాలు.

వెళ్లే ముందే మీ నాన్నగారికి ఒక సంగతి చెప్పండి. 1942 ఆగస్టు 9 తెల్లవారుజామున బొంబాయిలో క్విట్ ఇండియా పిలుపు ఇచ్చిన కాంగ్రెస్ నాయకులను అరెస్టు చేసి ప్రత్యేక రైలు ఎక్కించారు. గాంధీ, సరోజినీ నాయుడు, గాంధీగారి కార్యదర్శి మహదేవ్ దేశాయ్ మొదలైనవారిని పుణే దగ్గరి చించ్‌వడ్‌లో దించి ఈ భవనానికి తెచ్చారు. మిగతావారితో రైలు అహ్మద్‌నగర్ కోటకు సాగిపోయింది. అందులో నెహ్రూ, పటేల్‌లతో పాటు మన ఏలూరు దగ్గరి గుండుగొలనులో పుట్టిన పట్టాభి సీతారామయ్యగారూ ఉన్నారు! ఆ కోటలో దాదాపు మూడేళ్లు ఉంచారు. ఇది విన్నాక, అప్పటిదాకా కూర్చోవడానికి బెంచీ వెతుక్కుంటున్న మా నాన్నగారు ప్రతి ఫొటో కింది రాతనూ చదవడం మొదలుపెట్టారు. నేనే తొందరపెట్టాల్సి వచ్చింది.

అసలు చూడవలసింది వెనుక తోటలో ఉంది. చాలామంది గదులు చూసి అటునుంచి అటే వెళ్లిపోతారు. అక్కడ రెండు సమాధులు పక్కపక్కనే ఉంటాయి. మహదేవ్ దేశాయ్ ఇక్కడికి తెచ్చిన ఆరు రోజులకే, ఆగస్టు 15న, గుండె ఆగి పోయారు, యాభై ఏళ్లే. సరిగ్గా అయిదేళ్లకు అదే తేదీన స్వాతంత్ర్యం వచ్చింది. కస్తూర్బా 1944 ఫిబ్రవరి 22న, శివరాత్రి నాడు, గాంధీగారి ఒడిలో కన్నుమూశారు. ఆయన వడికిన నూలుతో నేసిన చీర కట్టి, ఆ ఆవరణలోనే దహనం చేశారు. శివరాత్రి అనగానే మా అమ్మ చెప్పులు విడిచి ప్రదక్షిణ చేసింది. సింహాసనం సంగతి మళ్లీ ఎత్తలేదు. గాంధీగారిని ఆ మే 6న, మలేరియాతో నీరసించి ఉండగా విడిచిపెట్టారు.

ఉదయం తెరవగానే వెళ్లండి, ఎండ ముదిరితే తోటలో పెద్దవాళ్లు నిలబడలేరు. కల్యాణీనగర్ మెట్రో స్టేషన్ దగ్గరే. మోకాళ్ల నొప్పులుంటే స్టేషన్ నుంచి ఆటో మేలు. రాజమండ్రి మీదుగా వెళ్లే కోణార్క్ ఎక్స్‌ప్రెస్ పుణేలో ఆగుతుంది, రెండు చోట్లా వేళలు చూసుకుని టికెట్ తీయండి. పీష్వాల కోట శనివార్‌వాడాను అదే పూటకు ఇరికించవద్దు. రాజుల దర్పం అక్కడైనా కనిపిస్తుందనుకుంటారేమో, లోపలి భవనాలు 1828లోనే కాలిపోయాయి. ప్రహరీ, ద్వారాలు, పునాదులు మిగిలాయి.