అమ్మానాన్నలతో లండన్ హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు ఎక్కితే రెండే చోట్ల దిగండి

"జూన్‌లో మా అమ్మానాన్నలు లండన్ వస్తున్నారు. ఒక్కరోజు హాప్ ఆన్ హాప్ ఆఫ్ బస్సు టికెట్టుతో ఎన్ని చోట్లు చూడవచ్చు? డబ్బు గిట్టుబాటు కావాలంటే ఎక్కడెక్కడ దిగాలి?" అని ఒకరు అడిగారు. ఒకే టికెట్టుతో నచ్చిన స్టాపులో దిగి, చూసుకుని, వెనక వచ్చే బస్సెక్కే మేడ బస్సులివి.

ఎన్ని చోట్లు అనే లెక్క ముందు మానుకోండి. రెండు చోట్ల దిగండి. ఒకటి అమ్మగారి కోసం, ఒకటి నాన్నగారి కోసం. మిగిలిన ఊరంతా బస్సు మేడ మీద కూర్చుని చూడండి. పన్నెండు చోట్ల దిగి పన్నెండు ఫోటోలు తీసుకుంటే టికెట్టు గిట్టినట్లని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. వాటిని తీసేవాళ్లకు పాతికేళ్లుంటాయి. అరవై దాటిన మోకాళ్లతో ఇరుకు మెట్లు పన్నెండుసార్లు ఎక్కి దిగడమంటే ఏమిటో వాళ్లకు తెలియదు. నాకూ తెలియక రెండేళ్ల క్రితం ఒక శనివారం మా అమ్మను ఏడిపించినంత పని చేశాను.

నేను ఈస్ట్ హామ్‌లో ఉంటాను. ఊరు నుంచి వచ్చిన అమ్మానాన్నలను డిస్ట్రిక్ట్ లైన్ రైల్లో విక్టోరియా తీసుకెళ్లి, పదకొండు గంటలకు బస్సెక్కించాను. ముగ్గురికీ కలిపి వంద పౌండ్లు దాటింది. ఆ డబ్బే నా బుర్ర పాడుచేసింది. ప్రతి స్టాపూ వదులుకున్న సొమ్ములా కనిపించింది. దానికి తోడు బంధువులు వాట్సాప్‌లో పంపిన జాబితా ఒకటి. ఎవరు చూశారో, ఎప్పుడు చూశారో తెలియదు గానీ, అది చూశారా, ఇది చూశారా అని గంటకొకరు అడుగుతూనే ఉన్నారు. బకింగ్‌హామ్ ప్యాలెస్ దగ్గర దిగాం. మనుషుల వీపులు తప్ప ఏమీ కనిపించలేదు. వెస్ట్‌మినిస్టర్ దగ్గర దిగాం. మళ్లీ బస్సు కోసం ఎండలో అరగంట నిలబడి, ట్రఫాల్గర్ స్క్వేర్ చేరడానికి మరో పావుగంట ట్రాఫిక్‌లో కూర్చున్నాం. ఆ రెండింటి మధ్య దూరం కిలోమీటరు. నిదానంగా నడిచినా బస్సు కంటే ముందే చేరేవాళ్లం.

ఈ బస్సుల దారులకు ఒక్కోదానికి ఒక్కో రంగు పేరు. ట్రఫాల్గర్ నుంచి బ్రిటిష్ మ్యూజియం వైపు వెళ్లే వేరే రంగు దారి బస్సు పట్టుకునేసరికి మధ్యాహ్నం మూడైంది. అప్పటికి అమ్మ మాట్లాడడం మానేసింది. చెవుల్లో పెట్టుకునే వ్యాఖ్యానం చాలా భాషల్లో ఉంది, ఆ జాబితాలో తెలుగు లేదు. ఇంగ్లీషులో వస్తున్నది కూడా బస్సు కంటే ముందో వెనుకో నడుస్తోంది. మేం ఒక చర్చి ముందు ఆగి ఉంటే అది ఇంకేదో నాటకశాల గురించి చెబుతోంది. అమ్మ ఆ తీగలు తీసి ఒళ్లో పెట్టుకుని, "తల్లీ, ఇంక ఎక్కడా దిగవద్దు, ఒక్క బాత్‌రూమ్ ఉన్న చోట మాత్రం దింపు" అంది.

అలా రసెల్ స్క్వేర్ దగ్గర దిగాం. నాకు తెలిసిన బాత్‌రూమ్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. ప్రవేశం ఉచితం. వెనుకవైపు మాంటేగ్ ప్లేస్ ద్వారం దగ్గర వరుస ముందువైపంత ఉండదు. పెద్దవాళ్లతో తిరిగేవాళ్లు ఈ ఊళ్లోని ఉచిత మ్యూజియంలను గుర్తుపెట్టుకోవాలి. ట్రఫాల్గర్‌లో నేషనల్ గ్యాలరీ, సౌత్ కెన్సింగ్టన్‌లో విక్టోరియా అండ్ ఆల్బర్ట్. బల్లలుంటాయి, చల్లగా ఉంటుంది, డబ్బడగరు.

పని అయ్యాక అమ్మను కాసేపు కూర్చోబెడదామని పక్కనున్న చైనా, దక్షిణాసియా గదిలోకి నడిపించాను. అక్కడ పక్కనే గాజు గోడల వెనుక ఇంకో గది ఉంది. 33ఎ. నేను అంతకుముందు ఆ మ్యూజియానికి నాలుగుసార్లు వెళ్లాను, నాలుగుసార్లూ ఈజిప్టు మమ్మీలను చూసి బయటికి వచ్చేశాను. ఆ గదిలో ఏముందో నాకు తెలియదు.

అమ్మ గాజు దగ్గర నిలబడిపోయింది. "ఇది మన పల్నాటి రాయి" అంది.

అక్కడి చీటీ ఆమె చదవలేదు, చదివినా ఇంగ్లీషు అర్థం కాదు. రాయిని చూసి చెప్పింది. "మా అమ్మ వాళ్లింటి అరుగు మీద నాపరాయి ఇదే రంగు. తడిస్తే ఆకుపచ్చగా తేలేది." నేను చీటీ చదివాను. అమరావతి. సున్నపురాయి. మా అమ్మ పుట్టింది అమరావతికి నాలుగు మైళ్ల దూరంలో. శివరాత్రికి ఎడ్లబండి కట్టుకుని కృష్ణలో స్నానానికి, అమరేశ్వరుడి దర్శనానికి వెళ్లేవాళ్లు. పిల్లలందరూ అక్కడి పాత బౌద్ధ స్తూపం దిబ్బ చుట్టూ ఆడుకునేవాళ్లు. ఆ దిబ్బను వాళ్ల తాతగారు దీపాలదిన్నె అనేవారట. "దిబ్బ మీద ఏమీ ఉండేది కాదమ్మా, అక్కడొక రాయి ఇక్కడొక రాయి. ఇవన్నీ దాని ఒంటి మీదివేనా?" అని అడిగింది.

దాని ఒంటి మీదివే. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకెంజీ 18వ శతాబ్దం చివర్లో ఆ దిబ్బను చూశాడు. 1845లో మద్రాసు అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించి రాళ్లను మద్రాసుకు తరలించాడు. వాటిలో చాలా భాగం 1859లో ఓడెక్కి లండన్ చేరింది. ఇంకా పెద్ద వాటా మద్రాసులో, ఎగ్మూరు మ్యూజియంలోనే ఉంది. స్తూపం లేచిన ఊళ్లో మిగిలింది కొద్దిగా. ఇదంతా నాకు ఆ గదిలో ఫోనులో వెతికితే తెలిసింది. గుంటూరులో పదో తరగతి వరకు చదివాను, అమరావతి శిల్పం గురించి రెండు మార్కుల ప్రశ్నకు జవాబు బట్టీ పట్టాను, ఆ రాళ్లు ఎక్కడున్నాయో ఒక్క ఉపాధ్యాయుడూ చెప్పలేదు. దీని మీద నాకు ఇప్పటికీ కోపం ఉంది.

తలుపు తెరిచే ఉంది. లోపలికి వెళ్లాం. ఒక పలక మీద స్తూపం మొత్తం బొమ్మగా చెక్కి ఉంది, అంటే ఆ దిబ్బ ఒకప్పుడు ఎలా ఉండేదో అక్కడే కనిపిస్తుంది. అదే పలకకు రెండో వైపు అంతకంటే పాత శిల్పం, చెట్టునూ దాని కింద ఖాళీ ఆసనాన్నీ మొక్కుతున్న మనుషులు. పాత పలకను తిప్పి వెనుకవైపు కొత్తగా చెక్కారన్నమాట. అమ్మ ఆ పలక చుట్టూ మూడుసార్లు తిరిగింది. ఆడవాళ్ల కాళ్ల కడియాలు, చేతి గాజులు, నడుము వంపు, ఒక్కొక్కటీ వేలు చూపించి నాన్నకు చెప్పింది. నాన్న నీటిపారుదల శాఖలో పనిచేసి రిటైరయ్యారు. తామరలు నింపిన కుండ చెక్కిన పలక ముందు ఆగి, "ఇది పూర్ణఘటం. మన రాష్ట్ర చిహ్నంలో ఉన్నది ఇదే" అన్నారు. నిజమే, 2018లో ఆంధ్రప్రదేశ్ తెచ్చుకున్న చిహ్నానికి ఆధారం అమరావతి శిల్పమే.

పొద్దున్నుంచి మోకాళ్లు మోకాళ్లు అన్న మనిషి గంటకు పైగా నిలబడే ఉంది. కూర్చోమంటే విసుక్కుంది. అయిదింటికి మూసేస్తున్నామని సిబ్బంది వచ్చి చెబితే గానీ కదల్లేదు. బయటికి వచ్చేటప్పుడు గాజు మీద అరచెయ్యి ఆనించి, ఆ చెయ్యి కళ్లకు అద్దుకుంది. ఆ రోజు నేను ముందుగా వేసుకున్న జాబితాలో ఆ గది లేదు. మిగిలిన లండన్ అంతా ఒక ఎత్తు, మా అమ్మకు ఆ గది ఒక ఎత్తు. తెలుగు తల్లిదండ్రులను ఈ ఊరు తీసుకొచ్చిన ఏ బిడ్డయినా మొదట చూపించవలసిన చోటు అదేనని నేను గట్టిగా నమ్ముతాను. మీ వాళ్లది కృష్ణా గుంటూరు కాకపోయినా సరే. వెళ్లేముందు ఆ గది ఆ రోజు తెరిచి ఉంటుందో లేదో మ్యూజియం సైటులో చూసుకోండి.

ఇక అక్కడి నుంచి తిరిగి బస్సు స్టాపుకు వచ్చాం. జూన్ నెల కదా, మిట్టమధ్యాహ్నంలా వెలుతురు. లండన్‌లో జూన్‌లో రాత్రి తొమ్మిది దాటితే గానీ పొద్దు గూకదు. మాతోపాటు ఒక స్పెయిన్ కుటుంబం కూడా ఎదురుచూసింది. నలభై నిమిషాలు నిలబడ్డాక తెలిసింది, ఆ దారిలో ఆఖరి బస్సు ఎప్పుడో వెళ్లిపోయిందని. కరపత్రంలో మూలన చీమకాళ్లంత అక్షరాల్లో ఉంది ఆ సమయం. వంద పౌండ్లు తీసుకున్నవాళ్లు ఎక్కేటప్పుడు ఒక్క మాట చెప్పాలి. చెప్పలేదు. వెలుతురును చూసి మోసపోకండి, ప్రతి రంగు దారికీ ఆఖరి బస్సు ఎన్నింటికో ముందే అడిగి ఫోనులో రాసుకోండి. మేం రసెల్ స్క్వేర్‌లో ట్యూబ్ అనే భూగర్భ రైలు ఎక్కి, కింగ్స్ క్రాస్‌లో మారి ఇల్లు చేరాం.

అయితే మా టికెట్టు ఇరవై నాలుగు గంటలది. కొన్ని టికెట్లు తేదీతో ముగుస్తాయి, కొన్ని మొదటిసారి ఎక్కిన గడియ నుంచి లెక్క. కొనేటప్పుడు రెండోది అడిగి కొనండి, మొదటిరోజు మధ్యాహ్నం ఎక్కండి. ఒక సాయంత్రం, ఒక పొద్దున వస్తాయి. మేం శనివారం పదకొండుకు ఎక్కాం కాబట్టి ఆదివారం పదకొండు దాకా సమయం ఉంది. తొమ్మిదిలోపే విక్టోరియాలో ఉన్నాం. మేడ మీద ముందు వరుస ఖాళీ. ఆదివారం పొద్దున బ్యాంకులుండే సిటీ ప్రాంతంలో మనుషులే ఉండరు, శనివారం గంట పట్టిన దూరం పావుగంటలో దాటాం. అమ్మకు స్వెటరు, మంకీ క్యాపు. జూన్ అని చూడకండి, బస్సు కదిలితే మేడ మీద గాలి కోస్తుంది.

వ్యాఖ్యానం తీగలు ఈసారి తీసుకోలేదు. నేనే చెప్పాను. 1666లో ఊరు తగలబడిందని, ఆ తర్వాతే క్రిస్టఫర్ రెన్ ఈ సెయింట్ పాల్స్ గుమ్మటం కట్టాడని. రాత్రి కూర్చుని చదువుకున్నదే. మీరూ అలాగే చేయండి. టికెట్టు కొనిచ్చి, అమ్మానాన్నలను బస్సెక్కించి, ఆఫీసుకు వెళ్లిపోయే పిల్లలను నేను చాలామందిని చూశాను. తెలియని భాషలో ఊరు చూడడం ఎంత ఒంటరితనమో ఆలోచించండి. ఒక్కరోజు సెలవు పెట్టండి.

ఇంకో సంగతి, ఈ బస్సులు ఒకే దిక్కుగా చుట్టు తిరుగుతాయి. ఒక స్టాపు వెనక్కి రావాలంటే ఊరంతా తిరిగి రావాలి, రెండు గంటల పైమాటే. అందుకే మీరు దిగే రెండు చోట్లనూ ముందే చుట్టు మీద వరుసలో చూసుకోండి. తప్పిపోయిన చోటుకు మామూలు ఎర్ర బస్సు ఎక్కండి. మేం ఎక్కినప్పుడు ఒకటిముప్పావు పౌండు, గంటలోపు ఎన్ని బస్సులు మారినా మళ్లీ డబ్బు పట్టదు. నగదు తీసుకోరు, మనిషికొక కార్డు ఉండాలి. ట్రఫాల్గర్ నుంచి టవర్ ఆఫ్ లండన్ కోట దాకా 15వ నంబరు బస్సు సెయింట్ పాల్స్ మీదుగానే వెళ్తుంది, దానికీ మేడ ఉంది. కొన్ని టికెట్లలో థేమ్స్ నది మీద పడవ కూడా కలిపి ఇస్తారు, ఉంటే అది మాత్రం వదులుకోకండి. జూన్‌లో రాజుగారి పుట్టినరోజు కవాతు ఒక శనివారం జరుగుతుంది, ఆ రోజు ప్యాలెస్ చుట్టుపక్కల దారులు మూసేస్తారు, తేదీ చూసుకోండి.

టవర్ ఆఫ్ లండన్ దగ్గర అమ్మను అడిగాను, కోహినూరు ఇందులోనే ఉంది, దిగుదామా అని. మన కృష్ణ ఒడ్డున కొల్లూరులో దొరికిందని చెప్పుకునే వజ్రమే కదా అన్నాను. తల అడ్డంగా ఊపింది. "నిన్న చూశానుగా" అంది.

అంతలో టవర్ బ్రిడ్జి మొదట్లో బస్సు ఆగిపోయింది. వంతెన లేస్తోంది. పడవ వస్తే రోడ్డు మీదివాళ్లు ఎవరైనా ఆగవలసిందే, అక్కడ నీటి దారికే ముందు హక్కు. 1894లో కట్టిన వంతెన, ఒక్కో రెక్క వెయ్యి టన్నుల పైనే బరువు. వెనుక సీట్లలో ఎవరో విసుగ్గా టైము చూసుకుంటున్నారు. మా నాన్న లేచి నిలబడి ముందున్న కమ్మీ రెండు చేతులా పట్టుకున్నారు. ముప్పయ్యేళ్లు కాలువల తూములు, షట్టర్లు ఎత్తించి దింపించిన మనిషి. "వెనుకవైపు బరువు కట్టారు చూడు, అందుకే అంత తేలిగ్గా లేస్తోంది" అని నాకు చెప్పారు. పడవ వెళ్లిపోయి రెక్కలు దిగేదాకా కూర్చోలేదు. అవతలి ఒడ్డున దిగి, ఇంకోసారి ఎప్పుడు లేస్తుందో చూడమన్నారు. ఆ సమయాలు వంతెన సైటులో ముందుగానే పెడతారు. తర్వాతిది మధ్యాహ్నం ఉంది. మా టికెట్టు గడువు పదకొండుకే అయిపోయింది. మేం పులిహోర డబ్బా తెరుచుకుని ఒడ్డునే కూర్చున్నాం.