సోలార్‌కి బ్యాటరీ కూడా పెట్టించుకోవాలా? వాడుతున్నవాడిగా నా జవాబు

మీ ప్రశ్న ఇది: ఇంటి మీద 3 కిలోవాట్ల ఆన్‌గ్రిడ్ (బ్యాటరీ లేకుండా కరెంటు లైన్‌కి కలిపిన) సోలార్ ఉంది, నెట్ మీటర్ ఉంది. కరెంటు పోతే మాత్రం మిట్టమధ్యాహ్నం ఎండలో కూడా ఇంట్లో ఫ్యాన్ తిరగడం లేదు. బ్యాటరీ పెట్టిస్తే ఆ బాధ పోతుంది, బిల్లు కూడా ఇంకా తగ్గుతుంది అంటున్నారు సోలార్ వాళ్లు. నిజమేనా? బ్యాటరీకి సబ్సిడీ వస్తుందా?

మాది అనకాపల్లి. మా మేడ మీద కూడా 3 కిలోవాట్లే. దానికి 5 కిలోవాట్ల హైబ్రిడ్ ఇన్వర్టర్ (లైన్‌తోనూ బ్యాటరీతోనూ పనిచేసేది), 51.2 వోల్టుల 100 ఏహెచ్ (ఆంపియర్ అవర్) లిథియం బ్యాటరీ ఉన్నాయి, అంటే సుమారు 5 యూనిట్లు. ముందే చెప్పేస్తాను. బిల్లు కోసమైతే కొనకండి. కరెంటు పోయినా ఇంట్లో ఆగకూడనిది ఒకటి ఉంటే మాత్రం కొనండి, దాన్ని బట్టే సైజు తేల్చుకోండి. మా ఇంట్లో ఆగకూడనిది అమ్మ ఆక్సిజన్ కాన్సంట్రేటర్, అంటే గాలిలోంచి ఆక్సిజన్ తీసి ఇచ్చే మిషను. అది లేకపోతే నేను ఈ బ్యాటరీ జోలికి వెళ్లేవాణ్ణి కాదు.

బిల్లు సంగతి ముందు చూద్దాం. నెట్ మీటర్ ఉన్న ఇంట్లో పగలు మిగిలిన కరెంటు లైన్లోకి పోతుంది, రాత్రి మనం వాడుకున్నదానికి యూనిట్‌కి యూనిట్ సర్దుబాటవుతుంది. అదే యూనిట్ బ్యాటరీలోకి వెళ్లి బయటికి వస్తే, ఎక్కించేటప్పుడు కొంత, దించేటప్పుడు కొంత పోయి నూటికి 85 నుంచి 90 వంతులే చేతికొస్తుంది. అంటే నెట్ మీటర్ ఉండగా రోజూ బ్యాటరీ తిప్పుకుంటే మిగిలేదేమీ లేదు, పైగా నష్టం. నెట్ మీటర్ అసలు లేదనే అనుకుందాం. 5 యూనిట్ల బ్యాటరీ నుంచి రోజూ 4 యూనిట్లు వాడుకుంటే ఏడాదికి 1,460 యూనిట్లు. ఆంధ్రలో 126 నుంచి 225 యూనిట్ల శ్లాబు రేటు యూనిట్‌కి 6 రూపాయలు, ఆ లెక్కన ఏడాదికి 8,760 రూపాయలు. నాకు బ్యాటరీ ఒక్కదానికే లక్షా ఇరవై వేల దాకా అయింది, ఇన్వర్టర్ వేరే. ఒక్క బ్యాటరీ డబ్బే తిరిగి రావడానికి పదమూడు, పద్నాలుగేళ్లు. వారంటీలు మామూలుగా పదేళ్లే. 226 యూనిట్లు దాటి 8.75 శ్లాబులో ఉన్న ఇంటికి లెక్క కాస్త మెరుగ్గా ఉంటుంది గానీ, అలాంటి ఇంట్లో ఆ డబ్బుతో ఇంకో రెండు ప్యానెళ్లు వేసుకోవడమే లాభం.

మరి అమెరికాలో ఉన్న మనవాళ్లు బ్యాటరీతో బిల్లు సగమైందని వీడియోలు పెడుతున్నారు కదా అంటారేమో. మా తమ్ముడు కాలిఫోర్నియాలో ఉంటాడు, వాడి ఇంట్లోనూ ఉంది. అక్కడ 2023 ఏప్రిల్ నుంచి కొత్తగా సోలార్ పెట్టుకునేవాళ్లకు, లైన్లోకి పంపిన కరెంటుకి ఇచ్చే ధర బాగా తగ్గించేశారు. సాయంత్రం నాలుగు నుంచి తొమ్మిది దాకా రేటేమో ఎక్కువ. కాబట్టి పగటి కరెంటు దాచి సాయంత్రం వాడుకుంటే వాళ్లకు నిజంగానే డబ్బు మిగులుతుంది. మనకు యూనిట్‌కి యూనిట్ సర్దుబాటు ఉన్నన్నాళ్లు ఆ లెక్క వర్తించదు. ఇక్కడా రేపు రూల్స్ మారితే అప్పుడు ఆలోచించుకోవచ్చు, బ్యాటరీల ధర ఈలోగా తగ్గేదే గానీ పెరిగేది కాదని నా నమ్మకం.

ఎండ కాస్తున్నా సోలార్ ఎందుకు ఆగిపోతుందంటే, అది మీ సిస్టమ్‌లో లోపం కాదు, ఉండాల్సిన జాగ్రత్త. లైన్‌మన్ స్తంభం ఎక్కి పని చేస్తున్నప్పుడు మన మేడ మీద నుంచి కరెంటు లైన్లోకి వెళితే, వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ దాన్ని వెనక్కి తిప్పి 11 వేల వోల్టులు చేసేస్తుంది. ఆ మనిషి ప్రాణం పోతుంది. అందుకే లైన్లో కరెంటు లేదని తెలిసిన క్షణంలో ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. హైబ్రిడ్ ఇన్వర్టర్ అయితే ఇంటిని లైన్ నుంచి పూర్తిగా విడదీసి, లోపల మాత్రమే కరెంటు నడుపుతుంది. ఎవరైనా ఎలక్ట్రీషియన్ ‘చిన్న కిటుకుతో మీ పాత ఇన్వర్టర్‌నే నడిపిస్తాను’ అంటే ఇంట్లోకి రానివ్వకండి.

ఇప్పుడు మా ఇంటి వాడకం. అమ్మది నిమిషానికి 5 లీటర్ల మిషను, 350 వాట్లు లాగుతుంది. రాత్రంతా నడవాలి. రెండు బీఎల్‌డీసీ (తక్కువ కరెంటు తినే రకం) ఫ్యాన్లు కలిపి 60 వాట్లు, ఫ్రిజ్ సగటున ఓ 50, వైఫై, రెండు చిన్న లైట్లు కలిపి 30. మొత్తం 490 వాట్లు. బ్యాటరీ పేరుకి 5.12 యూనిట్లు. అడుగు దాకా దించకూడదు, ఇన్వర్టర్ తన కోసం తాను కొంత తింటుంది, అవన్నీ పోగా 4 యూనిట్లు వస్తాయనుకోండి. నిండుగా ఉంటే ఎనిమిది గంటలు. రాత్రి పదింటికి కరెంటు పోతే ఆరింటి దాకా నడుస్తుంది, అప్పటికి ఎండ మొదలవుతుంది. మేం ఈ లెక్కతోనే ఒక బ్యాటరీ చాలనుకున్నాం. ప్యానెళ్లు 3 కిలోవాట్లు కాబట్టి 10 యూనిట్ల బ్యాటరీ వేయాలని ఒకాయన పట్టుబట్టాడు. ప్యానెళ్లని బట్టి బ్యాటరీ కొనడం సరికాదు. కరెంటు లేనప్పుడు మీ ఇంట్లో ఏం నడవాలో దాన్ని బట్టి కొనాలి.

ఏసీ, బోరు మోటారు, గీజరు ఈ లెక్కలోకి తేకండి. ఒక హెచ్‌పీ మోటారు నడిచేటప్పుడు దాదాపు ఒక కిలోవాటే గానీ, స్టార్టయ్యే క్షణంలో నాలుగైదు రెట్లు లాగుతుంది. బ్యాటరీలో ఎన్ని యూనిట్లున్నాయనేది ఒక సంగతి, ఒక్కసారిగా ఎంత ఇవ్వగలదనేది వేరే సంగతి. చాలా 100 ఏహెచ్ బ్యాటరీలను 50 ఆంపియర్లకు మించి ఎక్కువసేపు లాగొద్దని కంపెనీలే రాస్తాయి, అంటే రెండున్నర కిలోవాట్లు. మా మోటారు లైన్ వైపే ఉంది. ట్యాంకు నింపి ఉంచుకుంటాం. ఇన్వర్టర్ ఏసీ ఒకటి, గది చల్లబడ్డాక ముప్పావు కిలోవాటు దగ్గర నిలుస్తుంది, దాన్ని బ్యాటరీ మీద నడపడం సాధ్యమే. అలా నడిపితే అమ్మ మిషను తెల్లారేదాకా రాదు. అందుకే మేం దాన్ని బ్యాటరీ వైపు కలపలేదు.

బిగించేటప్పుడు అన్నింటికంటే ఎక్కువ టైం పట్టింది వైరింగుకే, మీకూ అంతే అవుతుంది. ఇన్వర్టర్‌కి బ్యాకప్ అవుట్‌పుట్ అని విడిగా ఉంటుంది, ఆగకూడని లోడ్లన్నీ దానికి కలపాలి. ఫేజు వైరు మార్చడం తేలిక. న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) దగ్గరే అసలు పని. మన పాత ఇళ్లలో రెండు మూడు గదులకు ఒకటే న్యూట్రల్ వేసేసి ఉంటారు. బ్యాకప్ వైపు న్యూట్రల్, లైన్ వైపు న్యూట్రల్ ఎక్కడైనా గోడలో కలిసి ఉంటే ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఊరికే పడిపోతుంటుంది, లేదా పడాల్సినప్పుడు పడదు. మా ఎలక్ట్రీషియన్ స్విచ్‌బోర్డులు ఒక్కొక్కటే విప్పి, అమ్మ గదికీ హాలుకీ కొత్త న్యూట్రల్ లాగాడు. పనంతా అయ్యాక మెయిన్ ఆపేసి, టెస్ట్ బటన్ నొక్కి ఆర్‌సీసీబీ పడుతుందో లేదో నా ముందే చూపించాడు. మీరూ అలా చూపించమని అడగండి. కరెంటు ఉన్నప్పుడు ఒకసారి, బ్యాటరీ మీద ఉన్నప్పుడు ఒకసారి. ఎర్తింగ్ ఎలా ఉందో కూడా అప్పుడే చూసుకోండి.

ఇంతా చేస్తే మాకు దక్కింది ఏమిటంటే, ఇప్పుడు కరెంటు పోయినట్టు మిషనుకి తెలియదు. మారడానికి సెకనులో యాభయ్యో వంతు కూడా పట్టదు. ఇంతకుముందు కరెంటు పోతే మిషను కీచుమని అరిచేది, మళ్లీ ఆన్ చేశాక ఆక్సిజన్ సరైన శాతానికి రావడానికి కొన్ని నిమిషాలు పట్టేది. ఆ కొన్ని నిమిషాలు వేలికి పెట్టిన మీటరు వైపు చూస్తూ కూర్చోవడం ఎంత టెన్షనో అనుభవించినవాళ్లకే తెలుసు. అయినా సరే, బ్యాటరీ ఉంది కదా అని సిలిండర్ తీసేయలేదు, మీ ఇంట్లో ఇలాంటి అవసరం ఉంటే మీరూ తీసేయకండి. బీ టైప్ సిలిండర్‌లో 1,500 లీటర్లుంటుంది, నిమిషానికి 2 లీటర్ల చొప్పున పన్నెండు గంటలు వస్తుంది. ఏ ఎలక్ట్రానిక్ వస్తువు మీదా ప్రాణం పూర్తిగా వదిలేయకూడదు.

తుఫాను సంగతి విడిగా చెప్పాలి, మా వైపు అసలు భయం అదే కాబట్టి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలోనూ మా దగ్గరా రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటప్పుడు ఎనిమిది గంటల బ్యాటరీ ఒక రాత్రికే సరిపోతుంది, మర్నాడు ఎండ రావాలి. మామూలు రోజుల్లో 3 కిలోవాట్లకి 12 యూనిట్ల దాకా వస్తుంది. ముసురు పట్టిన రోజున అందులో నాలుగోవంతు వచ్చినా గొప్పే. అందుకని తుఫాను హెచ్చరిక వినగానే యాప్‌లో రిజర్వు (కరెంటు పోయినప్పటికని బ్యాటరీలో అట్టిపెట్టే శాతం) 100 శాతానికి పెట్టేస్తాను, ఫ్రిజ్ తీసేస్తాం, ఫ్యాన్ ఒక్కటే ఉంచుతాం. ప్యానెళ్ల స్ట్రక్చర్ కూడా అప్పుడే గుర్తొస్తుంది అందరికీ. శ్లాబుకి సరిగా యాంకర్ చేశారా, సముద్రపు గాలికి బోల్టులు తుప్పు పట్టాయా అనేది వానాకాలం ముందే చూసుకోవాలి. ప్యానెల్ ఎగిరిపోతే బ్యాటరీ ఎంత మంచిదైనా రెండో రోజుకి ఖాళీ.

మామూలు రోజుల్లో మాత్రం రిజర్వు 80 దగ్గర ఉంచుతాను. లిథియం బ్యాటరీని నిండుగా, వేడిగా ఏడాది పొడవునా ఉంచితే తొందరగా ముసలిదవుతుంది. అలాగని ఎప్పటికీ నింపకుండా ఉండకూడదు. ఓసారి యాప్‌లో 40 శాతం చూపిస్తూనే ఉన్నట్టుండి 12కి పడిపోయింది. బ్యాటరీ చెడిపోయిందని భయపడ్డాం. వచ్చిన టెక్నీషియన్ విషయం చెప్పాడు: ఈ రకం సెల్ వోల్టేజీ 20 నుంచి 90 శాతం దాకా దాదాపు మారదు, కాబట్టి బీఎంఎస్ (బ్యాటరీ లోపలి కంట్రోల్ సర్క్యూట్) వోల్టేజీ చూసి కాకుండా వచ్చిపోయే కరెంటుని లెక్కపెట్టుకుని శాతం చెబుతుంది. ఆ లెక్క రోజులు గడిచేకొద్దీ తప్పుతూ వస్తుంది. నిండా ఎక్కించినప్పుడు మళ్లీ సరిచేసుకుంటుంది, లోపలి 16 సెల్స్‌నీ సమానం చేసుకుంటుంది. అప్పట్నుంచి నెలకోసారైనా పూర్తిగా ఎక్కిస్తున్నాను, మళ్లీ అలా పడలేదు.

ఎక్కడ పెట్టాలి అంటే, మేడ మీద రేకుల గదిలో మాత్రం వద్దు. మే నెలలో ఆ గది 45 డిగ్రీలు దాటుతుంది, వారంటీ కాగితంలో చిన్న అక్షరాల్లో ఉష్ణోగ్రత పరిమితి కూడా రాసి ఉంటుంది. పడుకునే గదిలో వద్దు, బయటికి వెళ్లే దారికి అడ్డంగానూ వద్దు. మాది కింద, ఉత్తరం గోడకి, గాలాడే చోట ఉంది. కొనేటప్పుడు ఎల్‌ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం అడగండి, వేడికి తట్టుకోవడంలో మిగతా లిథియం రకాల కంటే నయం. బ్యాటరీ భద్రతకి సంబంధించిన ఐఈసీ 62619 టెస్ట్ సర్టిఫికెట్ చూపించమనండి. మీరు కొనే బ్యాటరీ, ఆ ఇన్వర్టర్ ఒకదానితో ఒకటి కేబుల్ ద్వారా మాట్లాడుకుంటాయా అన్నది ఇన్వర్టర్ కంపెనీ లిస్టులో చూసి రూఢి చేసుకోండి. దుకాణం వాడి మాట చాలదు.

సబ్సిడీ గురించి కూడా అడిగారు. కేంద్ర ప్రభుత్వ సోలార్ పథకం పీఎం సూర్యఘర్‌లో 3 కిలోవాట్లకి వచ్చే 78,000 రూపాయలు సోలార్‌కే, బ్యాటరీకి రాదు. ఇప్పుడున్న ఇన్వర్టర్ తీసి హైబ్రిడ్ పెట్టాలంటే డిస్కంకి (కరెంటు పంపిణీ సంస్థకి) చెప్పి, వాళ్ల అనుమతితోనే చేయించండి.

చివరిగా, మీ ప్రశ్నలో ఆగకూడని మిషన్ల ప్రస్తావన లేదు. మీ వీధిలో కరెంటు రోజుకో గంట, రెండు గంటలే పోతుంటే, ఫ్యాన్లు, లైట్లు, వైఫై నడిస్తే చాలనుకుంటే, సోలార్ జోలికి వెళ్లకుండా మామూలు సైన్‌వేవ్ ఇన్వర్టర్, 150 ఏహెచ్ ట్యూబులర్ బ్యాటరీ పెట్టుకోండి. లైన్ కరెంటుతో ఛార్జ్ అవుతుంది, మీకు నెట్ మీటర్ ఉంది కాబట్టి ఆ యూనిట్లూ చివరికి మీ సోలార్‌లోంచే పోతాయి. ఆ బ్యాటరీ పేరుకి 1.8 యూనిట్లు. సగం దాకా వాడుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది, డిస్టిల్డ్ వాటర్ పోస్తూ ఉండాలి, గాలి తగిలే చోట ఉంచాలి. లిథియానికయ్యే ఖర్చులో చిన్న భాగంతో పనైపోతుంది. పగలు కరెంటు పోయిన ఆ గంట సేపు సోలార్ ఆగితే ఆగనివ్వండి, మహా అయితే రెండు మూడు యూనిట్ల నష్టం.

కరెంటు సాధారణంగా ఎంతసేపు పోతుందో, ఆ టైంలో ఏవేవి నడవాలో, ఇంట్లో పెద్దవాళ్లో పేషెంట్లో ఉన్నారో కింద రాయండి. మీకు ఎన్ని యూనిట్లు కావాలో లెక్కవేసి చెబుతాను.