కొత్త స్కోప్ పరీక్షించడానికి దూరం అక్కర్లేదు, నాలుగు కొబ్బరిచెట్లు చాలు

"ఎయిర్ రైఫిల్ మీదకి కొత్త స్కోప్ కొన్నాను. దూరపు టార్గెట్లకి పనికొస్తుందో లేదో ఎలా తేల్చుకోవాలి? మా కోనసీమలో అంత ఖాళీ జాగా ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారు. జాగా వెతకడం మానేయండి. స్కోప్, అంటే తుపాకీ మీద బిగించే దుర్భిణి, మంచిదో కాదో తేలడానికి 25 మీటర్లు చాలు. కొబ్బరితోటలో వరసన నాలుగు చెట్లు లెక్కపెడితే ఇంచుమించు అంతే వస్తుంది. దూరం మీ గురిని పరీక్షిస్తుంది, స్కోప్‌ని కాదు. ఈ రెండూ కలిపేసుకునే సగం మంది మంచి స్కోపులు అమ్ముకుంటున్నారు, చెత్తవి ఉంచుకుంటున్నారు.

మీది 4.5 మిల్లీమీటర్ల ఎయిర్ రైఫిలే అనుకుని చెబుతున్నాను. 20 జౌళ్ళ లోపు శక్తి ఉంటే 2016 ఆయుధాల నిబంధనల ప్రకారం లైసెన్సు అక్కర్లేదు. మందుగుండు తుపాకీ అయితే లైసెన్సు ఉన్నా తోటలో పేల్చే మాటే ఎత్తకండి, రైఫిల్ క్లబ్బు రేంజికి వెళ్ళండి. మన డెల్టా అంతా చాప పరిచినట్టు ఉంటుంది, తూటాని ఆపడానికి ఒక్క కొండ లేదు. చిన్న .22 తూటా కూడా కిలోమీటరున్నర దాకా పోగలదు, ఆ కిలోమీటరున్నరలో మన దగ్గర ఎన్ని ఇళ్ళుంటాయో మీకే తెలుసు. ఎయిర్ రైఫిల్‌కైనా వెనక ఇసుక బస్తాలు పెట్టండి. కాలవ గట్టు ఉంది కదా అంటారేమో, గట్టు మీద సైకిళ్ళు, పాల క్యాన్లు తిరుగుతూనే ఉంటాయి.

ఇక అసలు సంగతి. స్కోప్ అనగానే జనం అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని ఎక్స్?" అంటే ఎన్ని రెట్లు పెద్దగా చూపిస్తుంది అని. వీడియోల్లో కూడా అదే గోల, రెండు కిలోమీటర్ల అవతల గుడి కలశం కనిపిస్తోంది చూడండి అని. ఆ సరదా ఉంటే బైనాక్యులర్ కొనుక్కోవచ్చుగా, తుపాకీ గుడి వైపు తిప్పడమెందుకు? ఒలింపిక్ 10 మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో పెద్దగా చూపించే అద్దాలకు అనుమతే లేదు. పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా బంగారం కొట్టినా, 2012లో లండన్‌లో మన హైదరాబాదీ గగన్ నారంగ్ కంచు తెచ్చినా చిన్న కన్నంలోంచి చూసే కొట్టారు. పైగా ఎక్స్ పెంచేకొద్దీ బొమ్మ చీకటిగా అవుతుంది. ముందు అద్దం 40 మిల్లీమీటర్లయితే 10 ఎక్స్ దగ్గర మీ కంటికి చేరే వెలుగు కట్ట 4 మిల్లీమీటర్ల వెడల్పుంటుంది, 24 ఎక్స్ దగ్గర రెండు కూడా ఉండదు. తోట నీడలో సాయంత్రం పూట ఆ తేడా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. చేలు కోసేశాక ఎండలో, చెరువుల పక్కన అయితే ఇంకో తంటా. నేల మీంచి లేచే వేడిగాలికి టార్గెట్ మధ్య చుక్క నీళ్ళలో పడ్డట్టు ఈదుతుంది. ఎక్స్ పెంచితే ఆ ఈదడం కూడా పెరుగుతుంది.

మా బావ సంగతి చెబుతాను. తీర్థంలో బెలూన్ల కొట్టు దగ్గర వంకర తుపాకీతో కూడా వరసగా పేల్చేసే రకం. గురిలో వంక పెట్టలేం. ఆయన 24 ఎక్స్ స్కోప్ ఒకటి తెప్పించి, అంబాజీపేట దగ్గర మా బాబాయి తోటలో బిగించాడు. నాలుగు దెబ్బలు కొట్టి "అదిరింది రా" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. తోటలో పంపు షెడ్డు కడుతున్న తాపీ మేస్త్రి గారిని బతిమాలి, గోడ నిటారుగా ఉందో లేదో చూసే గుండు దారం తెచ్చాను. పొడుగ్గా అట్ట నిలబెట్టి, దారం వేలాడదీసి, దాని వెంబడే స్కెచ్ పెన్నుతో నిలువు గీత గీశాను. అడుగున ఒక చుక్క పెట్టాను. ఆ చుక్కకి కచ్చితంగా 25 మీటర్లు టేపుతో కొలిచాం. అడుగులతో లెక్కేస్తానన్నాడు బావ, వద్దన్నాను. తుపాకీని ఇసుక సంచుల మీద పడుకోబెట్టి, స్కోప్‌లోని నిలువు గీత దారం గీతతో కలిసేలా సర్దాం.

లెక్క ఇదీ. స్కోప్ మీది నాబ్ తిప్పితే క్లిక్కు క్లిక్కుకీ గురి కొంచెం జరుగుతుంది. ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం. పావు ఎంఓఏ క్లిక్కు అంటే 100 మీటర్ల దగ్గర 7 మిల్లీమీటర్ల పైచిలుకు. 25 దగ్గర అందులో నాలుగో వంతు, 1.8 మిల్లీమీటర్లు. 60 క్లిక్కులు పైకి తిప్పి, అదే కింది చుక్కకి గురిపెట్టి కొడితే దెబ్బ 11 సెంటీమీటర్లు పైన పడాలి. గీత మీదే పడాలి, పక్కకి పోకూడదు. బావ తిప్పి కొట్టాడు. మొదటి పెల్లెట్ (ఎయిర్ రైఫిల్ గుండు) ఎనిమిది దగ్గర పడింది. రెండోది, నాబ్ ముట్టుకోకుండానే, పదకొండుకి ఎక్కింది. మూడోది దాని పక్కనే. మళ్ళీ 60 కిందికి తిప్పాం. మొదటి దెబ్బ చుక్కకి రెండు వేళ్ళు పైన, రెండోది చుక్కలో.

"గాలి" అన్నాడు బావ. ఆకు కదలట్లేదు. "పెల్లెట్లు కలిపేశారు, డబ్బా మంచిది కాదు" అన్నాడు. డబ్బా మార్చాం, మళ్ళీ అదే వరస. నాబ్ తిప్పాక స్క్రూడ్రైవర్ పిడితో స్కోప్ మీద మెల్లగా రెండు తట్లు తట్టి కొట్టమన్నాను. మొదటి దెబ్బే సరిగ్గా పదకొండు దగ్గర. మేస్త్రి గారు చెట్టు కింద బీడీ కాలుస్తూ ఇదంతా చూస్తున్నారు. "లోపల స్ప్రింగు పట్టేస్తందండీ, ఆయ్. మా వాటరు లెవెలూ అంతే, తడితే గాని బుడగ కదలదు" అన్నారు. ఆయన జన్మలో స్కోప్ పట్టుకోలేదు, జబ్బు మాత్రం టక్కున పట్టేశారు. లోపలి గొట్టం నాబ్‌తో పాటు కదలకుండా, తుపాకీ అదురుకి గాని సర్దుకోవట్లేదు. అమ్మినవాడికి ఫోన్ చేస్తే "మీ రైఫిల్ బ్యారెల్ తేడా అయ్యుంటుంది సార్" అన్నాడు. అట్ట ఫొటో పంపించాక కిక్కురుమనలేదు.

ఇదే స్కోప్‌ని దూరంలో పరీక్షించి ఉంటే ఏమయ్యేది? 50 మీటర్ల దగ్గర కొద్దిపాటి పక్కగాలికే పెల్లెట్ రెండు మూడు వేళ్ళు జరుగుతుంది. ఆ గందరగోళంలో బావ గాలినే తిట్టుకుంటూ ఏడాది గడిపేసేవాడు. నా తుపాకీలో 25 దగ్గర జీరో చేస్తే, అంటే గురిపెట్టిన చోటే దెబ్బ పడేలా సర్దితే, 50 దగ్గర పెల్లెట్ బెత్తెడు కిందికి దిగుతుంది. ఆ బెత్తెడు ఎక్కించాల్సింది నాబే. నాబ్ మాట వినని స్కోప్ ఎన్ని ఎక్స్ చూపిస్తే ఏం లాభం?

నిలువు గీత అయ్యాక చతురస్రం పరీక్ష, గురి మాత్రం అదే చుక్కకి: 20 క్లిక్కులు పైకి, 20 కుడికి, 20 కిందికి, 20 ఎడమకి, ఒక్కో మూలకి మూడేసి దెబ్బలు, చివరికి మొదటి గుంపులోకే రావాలి. పారలాక్స్‌కి, అంటే కన్ను జరిగితే గురి గీతలూ జరిగినట్టు కనిపించే లోపానికి, పెల్లెట్ కూడా అక్కర్లేదు. ఖాళీ తుపాకీని సంచుల మధ్య కదలకుండా ఇరికించి, చెయ్యి తీసేసి, తల అటూ ఇటూ జరుపుతూ చూడండి. చుక్క మీద గీతలు పాకుతుంటే ముందు అద్దం దగ్గరి రింగు గాని, స్కోప్ పక్కనుండే పారలాక్స్ నాబ్ గాని తిప్పి సరిచేయండి. ఆ రెండూ లేవంటే అది ఏదో ఒక దూరానికి బిగించేసిన రకం. పెద్ద తుపాకుల కోసం 100 గజాలకి బిగించేసినదైతే మీకు పనికిరాదు. స్ప్రింగు రైఫిల్ అయితే ఇంకో చిక్కు. అది వెనక్కి తన్ని, వెంటనే ముందుకీ తంతుంది. ఆ రెండో తన్నుకి తట్టుకోలేక ఖరీదైన స్కోపుల్లో కూడా గీతలు ఊడిపోతాయి. స్కోప్‌ని తుపాకీకి పట్టి ఉంచే మౌంటు కూడా పట్టాల మీద వెనక్కి జారుతుంది. పెన్సిల్‌తో గుర్తు పెట్టుకుని, కాసేపు కొట్టాక గుర్తు కదిలిందేమో చూడండి.

మీకు స్కోప్ ఉందని తెలిస్తే చెరువులవాళ్ళు వస్తారు, ఇప్పుడే చెబుతున్నా. భీమవరం వైపు మా చుట్టాలైతే ప్రతిసారీ అదే మాట: "నీటికాకులు రొయ్యపిల్లల్ని తినేస్తన్నాయి, రెండు కొట్టి పెట్టవా?" కొట్టను. 1972 వన్యప్రాణుల చట్టం కింద అది నేరం, పైగా అట్ట మీద గురికీ దానికీ సంబంధమే లేదు. వలలు కట్టుకోమనండి.

మన ఊళ్ళ తేమ సంగతి ఏ రివ్యూలోనూ ఉండదు. వానాకాలం ఏసీ గదిలో గంట ఉంచి వరండాలోకి తీసుకురండి. బయటి అద్దం మసకేస్తే మామూలే, తుడిస్తే పోతుంది. తుడిచినా పోని మసక లోపల కనిపిస్తే సీలు పోయినట్టే. తోలు సంచిలో పెట్టి బీరువాలో పడేస్తే అద్దం మీద సాలెగూడులా బూజు అల్లుకుంటుంది, పూత తినేస్తుంది. గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి దాచండి.

ఇదంతా వాపసు గడువు లోపే చెయ్యండి. బిల్లు, అట్టపెట్టె దాచండి. స్కోప్‌ని పట్టుకునే మౌంటు రింగుల స్క్రూలు ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించండి. ఒకే వైపు బిగిస్తే గొట్టం మీద గీతలు పడతాయి, అవి చూపించే మా బావది వెనక్కి తీసుకోలేదు.