ముందున్నోళ్ళ కరెంటు బాకీ

నెల్లూరు, మూలపేట,
సెప్టెంబరు 24.

చిరంజీవి అబ్బయికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఇంగ్లండులో, లెస్టర్‌లో మీరు కొత్తగా అద్దెకు దిగిన ఇంటికి కరెంటు కంపెనీ నుంచి వచ్చాయని నువ్వు వాట్సాప్‌లో పెట్టిన రెండు కాగితాలూ, మీటరు ఫొటో చూశాను. ముందున్నోళ్ళ బాకీ 1180 పౌండ్లు కట్టమని ఒకటి, నీ పేరు మీద బిల్లు ఒకటి. నేను చూసేలోపే మీ అమ్మ కావలి నుంచి ఫోన్ చేసింది. "1180 పౌండ్లంట అక్కా, కట్టకపోతే కరెంటు పీకేస్తారంట. దిగీ దిగకముందే పిలకాయలకు ఇదేం ఖర్మ. మీ మరిది ఎక్కడన్నా తెచ్చి పంపుతానంటున్నాడు" అని ఒకటే కంగారు. పంపబాకండి అని చెప్పాను. నీకూ అదే చెప్తున్నా. ఆ 1180లో ఒక్క పౌండు కూడా కట్టబాక. అట్టాగని ఆ కాగితం చెత్తబుట్టలోనూ వెయ్యబాక. మనోళ్ళు ఈ రెండింట్లో ఏదో ఒకటి చేస్తారు. భయస్తులు కట్టేస్తారు, ధైర్యవంతులు చించేస్తారు. చించినోళ్ళకే నష్టం జాస్తి, ఎందుకో తర్వాత చెప్తా.

మీ అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు. మన దగ్గర కరెంటు బాకీ సర్వీసు నంబరుతోనే పోతుంది. అద్దెకున్నోడు ఎగ్గొట్టి పోయినా బిల్లు ఇంటి ఓనరు పేరు మీదే వస్తుంది, లైన్‌మన్ వచ్చి ఆ ఇంటి ఫ్యూజే పీకుతాడు. బకాయి ఉన్న ఇల్లు కొన్నోడు కొత్త సర్వీసు అడిగితే ముందు పాతది కట్టమనేవాళ్ళం. నేనే ఎందరికి చెప్పానో. కేరళ విద్యుత్ బోర్డు కేసులో 2023 మేలో సుప్రీంకోర్టు కూడా, నిబంధనల్లో ఆ మాట ఉంటే పాత యజమాని బకాయి కొత్తగా కొన్నవాడి దగ్గర రాబట్టుకోవచ్చనే తేల్చింది. కరెంటు ఆఫీసులో, విద్యుత్ బోర్డు రోజుల్లో చేరి, అది డిస్కం, అంటే పంపిణీ కంపెనీ, అయిన రోజుల్లో రిటైరైనదాన్ని, నా చేతుల మీదుగా పోయిన లెడ్జర్లన్నీ ఆ లెక్కే.

మీ అక్క లెస్టర్‌లో అద్దెకు దిగినప్పుడు నేను అక్కడే ఉన్నా కదా, అప్పుడు వాళ్ళ పద్ధతంతా కూర్చుని చదివాను. అక్కడ బాకీ ఇంటికి అంటదు, వాడుకున్న మనిషికి అంటుతుంది. ముందున్నోడు ఎన్ని వేలు ఎగ్గొట్టినా కంపెనీ వాడి వెంట పడాల్సిందే. నీ కరెంటు ఆపేదానికి అది కారణం కాదు.

నీ బాధ్యత ఎప్పుడు మొదలైంది అన్నదే అసలు ప్రశ్న. అగ్రిమెంటు 1వ తేదీ నుంచి, మీరు సామాను దింపింది 6న అన్నావు. ఆ ఐదు రోజులు కూడా నీవే, వాదించబాక. ఇల్లు ఖాళీగా ఉన్నా స్టాండింగ్ చార్జీ అని రోజుకింత పడుతుంది, అది కట్టెయ్. అంతకుముందు ఖాళీగా ఉన్న రోజులేమైనా ఉంటే అవి ఓనరువి. నువ్వు ఏ సంతకం పెట్టకపోయినా, అగ్రిమెంటు మొదలైన రోజునుంచి అంతకుముందు ఆ ఇంటికి కరెంటిస్తున్న కంపెనీతో నీకు ఒప్పందం ఉన్నట్టే లెక్క. దాన్ని డీమ్డ్ కాంట్రాక్టు అంటారు. రేటు కాస్త ఎక్కువే ఉంటుంది కానీ, అందులోంచి బయటికొచ్చి వేరే కంపెనీకి మారేదానికి ఎగ్జిట్ ఫీజు ఉండదు. ఈ గొడవ తేలినాక మారు. ఇప్పుడే మారితే లెక్కలు ఇంకా చిక్కుపడతాయి.

1180 అని ఉన్న కాగితం చూసి మీరంతా హడలిపోయారు గానీ, నన్నడిగితే అది తేలికది. పైన నీ పేరు లేదు, "ది ఆక్యుపయర్" అని ఉంది. అంటే ఇంట్లో ఎవరుంటే వాళ్ళకని. అగ్రిమెంటు కాపీ చూపిస్తే అది ఊడిపోతుంది. నాకు గుబులు పుట్టించింది రెండో కాగితం, నువ్వు మామూలు బిల్లే అనుకుని చివర్లో పెట్టావే, అది. నువ్వు ఫోన్ చేసి పేరు చెప్పినాక నీ పేరు మీద తీసిన మొదటి బిల్లు. అందులో ఆరంభ రీడింగు 46,900 అని ఉంది, పక్కన చిన్నగా ఈ అనే అక్షరం. ఈ అంటే అంచనా. ఎవరూ మీటరు చూడలేదు, కంప్యూటరు ఊహించి వేసింది. ముందున్నోడు రీడింగు ఇవ్వకుండా పోయినప్పుడు ఇట్టాగే వేస్తారు. వాడు చివరి నెలల్లో కాల్చిన కరెంటంతా మీటరులో ఎక్కి ఉంటుంది, బిల్లులో ఎక్కి ఉండదు. అది నీ బిల్లులోకి నెమ్మదిగా జారుకుంటుంది, నీ పేరుతో, నీ వాడకం లాగే కనపడుతూ. పెద్ద మొత్తం చూసి పోట్లాడతాం, ఇట్టాంటిది గమ్మున కట్టేస్తాం.

లెక్క వేసి చూడు. ఈరోజు నీ మీటరు 48,436 చూపిస్తోంది. రేపట్నుంచి ఒక వారం, రోజూ ఒకే టైముకి రీడింగు రాసుకో. రోజుకు 7 యూనిట్లు తేలిందనుకో, 6వ తేదీ నుంచి ఈరోజుకి 18 రోజులు, 126 యూనిట్లు. అంటే మీరు దిగినప్పుడు మీటరు 48,310 దగ్గర ఉండాలి. బిల్లులో 46,900. తేడా 1,410 యూనిట్లు. యూనిట్ పాతిక పెన్నీలు వేసుకున్నా 350 పౌండ్ల పైమాటే. ఇది ఇంకోడి బాకీ, నీ నెత్తిన ఎక్కింది.

ఈ వెనక్కి లెక్క చేతిలో పెట్టుకో గానీ, దానికంటే గట్టి సాక్ష్యం ముందు వెతుకు. తాళాలు ఇచ్చిన రోజు ఏజెంటు ఒక ఇన్వెంటరీ రిపోర్టు ఇచ్చి ఉంటాడు, గోడల మీద మరకలు, కార్పెట్ చిరుగులు అన్నీ రాసింది. అందులో ఎక్కడో ఒక మూల మీటరు రీడింగులు రాసి ఉంటారు. అది దొరికితే సగం పని అయిపోయినట్టే. లేకుంటే దిగిన రోజు మీ ఇద్దరి ఫోన్లలో తీసిన ఫొటోలు వెతుకు, ఖాళీ ఇల్లు వీడియో తీసి మీ అమ్మకు పంపావు కదా, కింద మీటర్లున్న గూడు తలుపు తెరిచావేమో చూడు. స్మార్ట్ మీటరు పనిచేస్తుంటే ఆ తేదీ రీడింగు కంపెనీ దగ్గరే ఉంటుంది, అడగాలి. ఇవేవీ లేకుంటేనే వెనక్కి లెక్క.

ఇంకో పని. మీటరు మీద అచ్చేసిన సీరియల్ నంబరు, బిల్లు మీద నంబరు ఒకటేనా చూసుకో. మీది నాలుగు ఫ్లాట్ల బిల్డింగు, మీటర్లన్నీ కింద ఒకే గూట్లో ఉన్నాయన్నావు. పక్కోళ్ళ మీటరు నీకు, నీది పక్కోళ్ళకు రాసి ఉండడం నేను నెల్లూరులోనూ గూడూరులోనూ చూశాను, లెస్టర్‌లో జరగదని ఏముంది. ఇంట్లో అన్నీ ఆపేసి, ఫ్రిజ్ కూడా ఆపి, కిందికి వెళ్ళి మీటరు మీద ఎర్ర లైటు చూడు. కొట్టుకోవడం ఆగాలి. తర్వాత కోడలిని కెటిల్ ఒక్కటి ఆన్ చెయ్యమను. మీటరు మీద యూనిట్‌కు 1000 అని రాసి ఉంటే, 3 కిలోవాట్ల కెటిల్‌కి నిమిషానికి 50 సార్లు కొట్టుకోవాలి. కొట్టుకోలేదంటే నువ్వు చూస్తున్నది నీ మీటరు కాదు. ఈ పని చేసేటప్పుడు టీ కూడా పెట్టుకోండి, నీళ్ళు ఎట్టాగూ కాగుతాయి.

గ్యాసు బిల్లు ఇంకా రాలేదు. వచ్చినప్పుడు మీటరు క్యూబిక్ మీటర్లదా, పాత కాలం క్యూబిక్ అడుగులదా చూసుకో. ఒక క్యూబిక్ మీటరు గ్యాసు సుమారు 11 కిలోవాట్ అవర్లు. అడుగుల మీటరైతే ఒక్కో అంకె వంద క్యూబిక్ అడుగులు, దాదాపు మూడింతలు. కంపెనీ క్యూబిక్ మీటర్లదాన్ని అడుగులదనుకుంటే బిల్లు దాదాపు మూడింతలు పెరిగిపోతుంది. మనకు రోహిణి కార్తెలో ఏసీ బిల్లు ఎట్టాగో అక్కడ జనవరిలో గ్యాసు అట్టా, కాబట్టి ఆ లోపే దాని మొదటి రీడింగు కూడా ఖాయం చేసుకో.

ఇక ఉత్తరం. ఫోన్‌లో మాట్లాడొద్దనను, కానీ మాట్లాడిన ప్రతిసారీ తేదీ, టైము, అవతలి మనిషి పేరు రాసుకో, తర్వాత అదే సంగతి ఈమెయిల్‌లో పెట్టు. మొదటి వాక్యంలోనే ఇది కంప్లయింట్ అని రాయి. ఆ మాట లేకుంటే వాళ్ళు మామూలు ఎంక్వయిరీ కింద పడేయొచ్చు, అప్పుడు వాళ్ళు తేల్చాల్సిన గడువు ఎప్పట్నుంచి అన్నదే పేచీ అవుతుంది. అగ్రిమెంటు ఏ తేదీ నుంచో, ఆ రోజు కరెంటు, గ్యాసు రీడింగులెంతో, మీటరు సీరియల్ నంబర్లేమిటో రాసి, అగ్రిమెంటు మొదటి పేజీ, సంతకాల పేజీ, మీటరు ఫొటోలు జతచెయ్. 1180 నాకు సంబంధం లేదు, ఆ ఖాతా నుంచి నా చిరునామా తీసేయండి, నా ఖాతా ఫలానా తేదీ, ఫలానా రీడింగుతో సున్నా బాకీ నుంచి మొదలుపెట్టి బిల్లు మళ్ళీ తీయండి, ఇంతే అడుగు. నీ కష్టాలు, మీ అమ్మ బీపీ అవన్నీ రాయబాక. ఆఫీసులో కూర్చుని చదివేవాళ్ళకు తేదీలూ అంకెలే కనపడతాయి, నేను నలభై ఏళ్ళ దగ్గర్లో అదే పని చేశాను.

ఈలోగా నీ సొంత వాడకం ఎంతో అంత నెలనెలా కడుతూ ఉండు. కానీ కొత్త ఖాతా నంబరు మీదే. పాత ఖాతా మీద పది పౌండ్లు కట్టినా అది ముందున్నోడి బాకీలో కలిసిపోతుంది, పైగా ఆ ఖాతా నీదేనని ఒప్పుకున్నట్టు కనపడుతుంది. నీ బ్యాంకు నుంచి వాళ్ళే డబ్బు తీసుకునే డైరెక్ట్ డెబిట్ మాత్రం లెక్క సరయ్యేదాకా ఇవ్వబాక.

ఎనిమిది వారాల్లో తేల్చకపోతే, లేదా ఇంతే మా చివరి మాట అని రాసిస్తే, కరెంటు, గ్యాసు కంపెనీల మీద ఫిర్యాదులు తేల్చే ఎనర్జీ ఆంబుడ్స్‌మన్ దగ్గరికి పో. ఖర్చేమీ లేదు, ఆయన తీర్పును నువ్వు ఒప్పుకుంటే కంపెనీ దానికి కట్టుబడాల్సిందే. ఎట్టా రాయాలో తెలియకపోతే సిటిజన్స్ అడ్వైస్ అనే సలహా సంస్థ వాళ్ళు ఉచితంగా చెప్తారు. ఇంకొకటి, నీ వాడకమే అయినా ఏడాది దాటి వెనక్కి పోయి వాళ్ళ తప్పు వల్ల వేయని బిల్లు ఇప్పుడు వేసేదానికి లేదు, 2018 నుంచి అక్కడ ఆ నిబంధన ఉంది. మన 2003 విద్యుత్ చట్టంలో సెక్షన్ 56(2) కింద రెండేళ్ళు పెట్టారు, వాళ్ళు ఒక్క ఏడాదే ఇచ్చారు. కానీ నువ్వు ఉత్తరాలకు బదులివ్వకుండా, మీటరు చూసేదానికి మనిషిని రానివ్వకుండా ఉంటే ఆ రక్షణ పోతుంది.

చించెయ్యబాక అన్నది అందుకే. ఆక్యుపయర్ పేరు మీద వచ్చిన ఉత్తరాలకు ఎవరూ పలక్కపోతే, కంపెనీ మేజిస్ట్రేటు దగ్గర వారంటు తెచ్చుకుని ఇంట్లోకి వచ్చి ముందే డబ్బు వేసుకునే మీటరు బిగించవచ్చు. ఆ మీటర్ల సంగతి కూడా ఒక మాట, మీ స్నేహితుడు దిగబోయే ఇంట్లో ఉందన్నావు కాబట్టి. ఆ మీటరులో డబ్బు నింపేదానికి వాడే కీ, కార్డు ముందున్నోడు వదిలేసినవి అల్మరాలో దొరికితే దాంట్లో డబ్బు వెయ్యొద్దని చెప్పు. వాడి బాకీ ఆ కీ మీద ఎక్కి ఉంటే, వేసిన డబ్బులో కొంత వాడి బాకీకే కోసుకుంటుంది. ముందు కంపెనీకి ఫోన్ చేసి కొత్తగా దిగాను అని చెప్పి, కొత్త కీ తీసుకుని, మీటరులో ఉన్న పాత బాకీ తీసేయించుకోవాలి.

ముందున్నోడి పేరు మీదే వచ్చే కవర్లు తెరవబాక. ఈ చిరునామాలో లేరు అని పైన రాసి పోస్టు డబ్బాలో వెయ్. వసూలు మనిషి ఎవరైనా తలుపు కొడితే లోపలికి రానివ్వకుండా, గుమ్మం దగ్గరే అగ్రిమెంటు చూపించి పంపు. కోడలు ఒక్కతే ఉన్నప్పుడు వస్తే తలుపు తీయనే అక్కర్లేదు, కిటికీలోంచి మాట్లాడమను.

నీళ్ళ బిల్లుకీ ఇదే పద్ధతి. అక్కడ ఇళ్ళకు నీళ్ళు ఆపే అధికారం కంపెనీకి లేదు, మీ ఊరికి సెవర్న్ ట్రెంట్ అనే నీళ్ళ కంపెనీ ఒక్కటే, మారేదీ లేదు. కౌన్సిల్ టాక్స్, అంటే మన ఇంటి పన్ను లాంటిది, అగ్రిమెంటు తేదీ నుంచి నీది, దానికి పేరు నమోదు చేసుకున్నావా లేదా చెప్పలేదు నువ్వు.

మీ పై ఫ్లాట్‌లో ఒంగోలు పిలకాయలు అయిదుగురు చదువుకుంటున్నారన్నావు, బిల్లు ఒక్కడి పేరు మీదే ఉందని, మిగతావాళ్ళు నగదు ఇస్తున్నారని. ఆ ఒక్కడు ఎవడో గానీ పాపం. రేపు నలుగురు వెళ్ళిపోయి ఒక్కడే మిగిలితే బాకీ అంతా వాడిదే, వాడి అప్పుల చరిత్ర రాసుండే క్రెడిట్ ఫైలులో ఆరేళ్ళు మచ్చ. ఖాతాలో అందరి పేర్లూ పెట్టించమను. వాటా బ్యాంకు ద్వారా, ఫలానా నెల కరెంటు అని రాసి పంపుకోమను.

ఇన్వెంటరీ రిపోర్టు దొరికిందా లేదా రాత్రికి చెప్పు. ఈమెయిల్ రాసినాక పంపే ముందు నాకొకసారి చూపించు, అంకెలు సరిచూస్తాను. మీ అమ్మకు నేనే ఫోన్ చేసి, డబ్బు పంపే మాట మానమని మళ్ళీ చెప్తాలే.

ఇట్లు,
పెద్దమ్మ